ఎవరూ లేనివారి వరుస

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి నన్ను లాకప్పులోకి వదిలారు. ఇరవై నిమిషాలే ఇచ్చారు. ఐదింటికి అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ గడప దాటాక నేనేం కనిపెట్టినా, వాయిదాల మీద వాయిదాలు పడుతూ, అతని మీద హంతకుడన్న ముద్ర ఎండి గట్టిపడ్డాకే ఎవరి చెవినైనా పడుతుంది.

అతను గోడకి ఆనుకుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లవాడు. పేపరాఫీసులో పేజీలు పెడతాడు. వార్త ఎంత పొడుగున్నా ఉన్న జాగాలో ఇరికించాలి, పట్టకపోతే నాలుగు లైన్లు కోసేయాలి. అందుకే ఆఫీసంతా అతన్ని కత్తెర అంటారు. చావుకబుర్ల పేజీ చూసే ముసలావిడని అందరూ పెద్దమ్మ అనేవారు.

"పెద్దమ్మని నువ్వు చంపావా?"

"లేదండీ."

అక్కడితో ఆగాడు. పదకొండేళ్లు జైలు ఆస్పత్రిలో ఖైదీల మనసుల మీద రిపోర్టులు రాశాను నేను. అబద్ధం చెప్పేవాడు 'లేదు' దగ్గర ఆగలేడు. దాని వెనకాలే ఒక కారణాన్ని తోలుకొస్తాడు. అయితే ఆగినవాళ్లలో కూడా ఇద్దరు నన్ను మోసం చేశారు. కాబట్టి ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి గడియారం దగ్గరికి వచ్చాను.

"మంగళవారం రెండున్నరకి ఆవిడతో గొడవెందుకు?"

"ఒక పెద్దాయన చావుకబురులో మూడు లైన్లు కోశాను. కింద నుంచి ప్రకటన తన్నుకొచ్చింది, నేనేం చేయను? ఆ మూడు లైన్లలో ఆయనకి చదరంగం పిచ్చని ఉందట. 'మనిషి చదివిన చదువులన్నీ ఉంచి మనిషిని కోసేశావు కదరా, నీ చేతులు పడిపోను' అంది."

"అందరూ విన్నారు."

"రోజూ వింటారండీ. వారానికి రెండుసార్లయినా నా చేతులు పడిపోతుంటాయి." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మూడు లైన్లూ మళ్లీ పెట్టాను. ప్రకటనే కొంచెం కుదించాను. చూసి తల మీద ఒకటి మొట్టి వెళ్లింది."

"వెళ్తూ ఏమంది?"

"'మూడింటికి ఒకరొస్తారు, ఫైళ్ల గదిలో ఉంటాను, పిలవకు' అంది. ఎవరని అడిగాను. 'నేనొక తప్పు చేశానురా, మంచి తప్పు' అంది. సంతోషంగానే ఉంది మేడమ్. తప్పు చేసి అంత సంతోషపడినవాళ్లని నేను చూడలేదు."

"మూడు నుంచి మూడూ నలభై దాకా నువ్వెక్కడున్నావు?"

"మెషీన్ ముందే. చెవుల్లో పాటలు. ఐదేసి నిమిషాలకి పేజీ సేవ్ చేస్తూనే ఉన్నాను. మూడూ నలభైకి పేజీ అయిపోయింది, చూపిద్దామని పైకెళ్లాను. ఆవిడ నిచ్చెన కింద పడుంది. నిచ్చెన పట్టుకుని పక్కకి లాగాను. అందుకే నా వేలిముద్రలు."

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ గడియారం మీద వేలితో కొట్టాడు. రెండేళ్ల కిందట ఒక కోర్టులో అతను నాలుగు నెలలు కట్టిన కేసుని నేను ముప్పావు గంటలో విప్పేశాను. అప్పటినుంచి నన్ను చూస్తే అతనికి మర్యాద ఎక్కువవుతుంది.

"అయ్యాయా మేడమ్ మనస్తత్వ పరీక్షలు? చిన్నప్పుడు వాళ్లమ్మ కొట్టిందా లేదా అడిగారా?"

"అడగలేదు. మీ అమ్మగారి గురించి అడగాలనిపించింది."

కానిస్టేబులు దగ్గాడు. అది నవ్వని ముగ్గురికీ తెలుసు.

వరండాలో అతని అక్క నిలబడి ఉంది. ఈ పని నాకు అప్పజెప్పింది ఆవిడే. బట్టలు కుడుతుంది. తమ్ముణ్ణి తీసుకెళ్లారన్న కబురు వచ్చినప్పుడు ఎవరిదో జాకెట్టు కొలుస్తూ ఉందట. కొలత టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

"వాడు చీమని తొక్కినా నాకు ఫోన్ చేసి చెప్తాడు మేడమ్. మనిషిని చంపితే చెప్పకుండా ఉంటాడా?" అంది. "మా మరదలు ఇంట్లో ఒక్కతే, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెళ్లై ఏడాది కాలేదు. ఐదింటికి వాణ్ణి నాతో ఇంటికి పంపండి, అంతే నేనడిగేది."

*

రెండూ ఇరవై అయిదుకి పేపరాఫీసు చేరాను. కింద కౌంటరు దగ్గర చావుకబుర్లు, జ్ఞాపకాల ప్రకటనలు తీసుకునే ఆవిడ అన్నం డబ్బా మూత పెడుతోంది.

"మంగళవారం ఎన్నింటికి తిన్నారు?"

"రెండూ నలభై అయిదుకి వెనక గదిలోకెళ్లాను. మూడుంబావుకి వచ్చాను. మధ్యలో ఎవరన్నా మెట్లెక్కితే నాకు కనపడదు. ఇదే అడుగుతారని నాకు తెలుసు, పోలీసులూ అడిగారు."

"పోలీసులు అడగనిది అడుగుతాను. మంగళవారం పొద్దున పెద్దమ్మ గురించి ఎవరైనా వచ్చారా?"

ఆవిడ డబ్బా పక్కన పెట్టింది. "పదకొండున్నరకి ఒకాయన వచ్చాడు. ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకున్నాడు, జలుబట. నల్ల కళ్లద్దాలు. గొంతు మాత్రం పంతులు గొంతే. నన్ను బెంచీ ఎక్కించినట్టు నిలబెట్టి అడిగాడు. సోమవారం పేపరు పరిచి, జ్ఞాపకాల పేజీలో అడుగు వరుస మీద వేలు పెట్టి, 'ఈయనకి ఎవరూ లేరని మీకు ఎవరు చెప్పారు?' అన్నాడు."

ఆ అడుగు వరుస సంగతి అప్పుడు చెప్పించుకున్నాను. పోయినవాళ్ల పేరున ఏడాదికోసారి ఇంటివాళ్లు ప్రకటన వేయించుకుంటారు. ఒక్కొక్కరికీ ఫోటో అతికించిన ఒక కార్డు. వారం ముందు పెద్దమ్మ ఆ ఇంటికి ఫోన్ చేసి, 'ఈ ఏడు ఏమైనా మార్చాలా?' అని అడుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఫోనెత్తేవాళ్లు కూడా పోతారు. అలా చివరి మనిషి కూడా పోయిన కార్డుల్ని ఆవిడ పారేయలేదు, ఒక రేకు పెట్టెలో దాచింది. ఆ తారీకు రాగానే పేజీ అడుగున, ఎవరూ అడక్కుండానే, ఒక్క వరుసలో ఆ పేర్లు వేసేది. పైన చిన్న అక్షరాల్లో 'ఎవరూ లేనివారు' అని. ముప్పై ఏళ్లుగా వస్తున్న ఆ వరుస జోలికి కత్తెర కూడా వెళ్లలేదట.

"మీరేమన్నారు ఆయనతో?"

"'మీరేమవుతారండీ ఆయనకి?' అన్నాను. పేపరు మడత పెట్టి, 'బాగా తెలిసినవాణ్ణి' అన్నాడు. పైకి ఫోన్ చేసి చెప్పాను. పెద్దమ్మ ఎగిరి గంతేసింది. 'అయితే నేను తప్పు రాశానన్నమాట! ఆయనకి ఒకరున్నారన్నమాట! మూడింటికి రమ్మను, కార్డు వెనక్కి పెట్టేద్దాం' అంది."

మంచి తప్పు.

"ఇది పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"వాళ్లు కత్తెర గురించే అడిగారు. అడిగిందానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు. నాకేం, చెప్పమన్నదే చెప్పాను."

"ఆ వరుసలో ఏ పేరు మీద వేలు పెట్టాడు?"

"మూడు పేర్లున్నాయి. మధ్యది. లెక్కల మాస్టారు. పన్నెండేళ్ల కిందట చెరువులో మునిగిపోయాడు. బట్టలూ చెప్పులూ గట్టు మీద దొరికాయి, శవం దొరకలేదు. పిల్లల్లేరు. ప్రతి ఏడూ ఆవిడే వచ్చేది ఇక్కడికి, ఆయన భార్య. పోయిన శీతాకాలం ఆవిడా పోయింది."

*

ఫైళ్ల గది పైఅంతస్తులో చివర ఉంది. పక్క మెట్లు నేరుగా సందులోకి దిగుతాయి. మూడింటికి నేను లోపలికి అడుగు పెట్టేసరికి వెనక బూట్ల చప్పుడైంది.

"మేము చూసిన గదే మేడమ్ ఇది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రెండో రోజు వాసన తప్ప కొత్తగా ఏముంటుంది?"

"మీరు చూసిందేమిటో చెప్పండి. మిగిలింది నేను చూస్తాను."

అతనికి చెప్పడం ఇష్టం. వేళ్లు మడుస్తూ చెప్పాడు. రెండున్నరకి గొడవ. మూడు నుంచి మూడూ నలభై మధ్య చావు. ఇనప ర్యాకు అంచుకి తల వెనక దెబ్బ, ఒకటి కాదు రెండు, కాబట్టి కాలు జారడం కాదు. నిచ్చెన మీద కత్తెర వేలిముద్రలు. అందరూ భోజనాలకి వెళ్లిన ఆ వేళలో ఆ రెండంతస్తుల్లోనూ అతను తప్ప ఎవరూ లేరు.

"అతను ఐదేసి నిమిషాలకి పేజీ సేవ్ చేశాడు. మెషీన్లో టైములున్నాయి."

"చూశాం. మూడు నుంచి మూడూ నలభై దాకా ఎనిమిది సార్లు. ఐదు నిమిషాల ఖాళీ చాలదా, ఒక ముసలామె తల పట్టుకుని రెండుసార్లు కొట్టడానికి? నిమిషం పని."

"నిమిషం పనే," అన్నాను. "మీ ఫోటోలు ఉన్నాయా?"

ఫోనులో చూపించాడు. తొమ్మిది ఫోటోలు. ఆరో ఫోటో దగ్గర వేలు ఆపాను. నేల మీద రక్తం. దాని మీద గడ్డిపోచ లాంటి సన్నటి కాగితం పీలిక. పెద్దది చేసి చూశాను. పీలిక కింది అంచు తడిసింది, పైభాగం తెల్లగానే ఉంది.

అతనికి ఏమీ చెప్పకుండా రేకు పెట్టె తెరిచాను. కార్డులు తారీకుల వరుసలో ఉన్నాయి. సోమవారం తారీకు దగ్గర రెండే ఉన్నాయి. పేపర్లో మూడు పేర్లు. మధ్య కార్డు లేదు.

తర్వాత గోడ పొడవునా ఉన్న ర్యాకు. పాత పేపర్లు నెలకొక పుస్తకంగా కుట్టి, అట్టలు వేసి నిలబెట్టారు. వాటి నెత్తి మీద మెత్తటి దుమ్ము, ఎవరూ తాకని దుమ్ము. నిచ్చెన ఎక్కి టార్చి వేశాను. కొన్నింటి మీద మాత్రం ఆ దుమ్ము చెదిరింది, నాలుగు వేళ్లతో పట్టి లాగినట్టు. లెక్కపెట్టాను. పన్నెండు. అన్నీ ఈ నెలవే, పన్నెండేళ్లవి.

"ఒకటి అందుకోండి," అన్నాను.

అందుకున్నాడు. కిటికీ దగ్గర బల్ల మీద తెరిచాం. మాస్టారి తారీకు పేజీ. భార్య వేయించిన నాలుగు మాటలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన ఫోటో ఉండాల్సిన చోట చతురస్రం ఆకారంలో ఖాళీ. బ్లేడుతో కోశారు. రెండోది తెరిచాం. అదే. మూడోదీ అంతే. పన్నెండింటిలోనూ ఆ ముఖం లేదు.

ఇన్‌స్పెక్టర్ ముఖం వెలిగింది. "కత్తెర! పేరులోనే పెట్టుకున్నాడు మేడమ్, నేను ఇంకేం పట్టుకోవాలి? వాడి డ్రాయర్లో బ్లేడు దొరికింది. థాంక్సండీ, నా కేసుకి మీరే మేకు కొట్టారు."

"గడియారం చూడండి."

"ఏంటి?"

"ఇప్పుడు మూడూ పద్దెనిమిది. మీరు ఒక పుస్తకం తీసి, పేజీ వెతికి, ఆ ఖాళీ అంత ముక్క అంచులు చెదరకుండా కోసి, మళ్లీ దాని చోట పెట్టండి. పాత పుస్తకమే ఇస్తాను, ఎవరికీ అక్కర్లేనిది."

"నేనా?"

"మీ కేసే కదా."

మొండివాడు. అందుకే చేశాడు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని నాలుక కొస పళ్ల మధ్య బిగించి కోస్తుంటే, ఈ మనిషి చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసి ఉంటాడనిపించింది. నాకు నచ్చనివాళ్లలో కూడా ఇలాంటిది ఏదో ఒకటి కనపడుతుంది. అది కనపడకపోతే నా బతుకు సుఖంగా ఉండేది.

పని అయ్యేసరికి రెండు నిమిషాలు దాటింది.

"పన్నెండు పుస్తకాలు. తక్కువలో తక్కువ ఇరవై అయిదు నిమిషాలు. ఐదేసి నిమిషాలకి కింద మెషీన్ దగ్గర కనపడినవాడు ఇక్కడ ఇరవై అయిదు నిమిషాలు ఎలా కూర్చున్నాడు?"

"ముందు రోజు కోసి ఉండొచ్చు."

"మీ ఆరో ఫోటో. పీలిక రక్తం మీద ఉంది, కింద లేదు. ఆవిడ పడ్డాక కోశారు. శవాన్ని పక్కన పెట్టుకుని, నిచ్చెన ఎక్కుతూ దిగుతూ, అంచులు చెదరకుండా కోశారు."

అతను ఆ ఫోటో వైపు చాలాసేపు చూశాడు. ఓడిపోతున్నప్పుడు అతనిలో ఒక రకమైన నిజాయితీ వస్తుంది, మాట మాత్రం తగ్గదు. "అయినా మీ వాడికి తోడుదొంగ ఉండొచ్చు."

"ఇంకొకటి చెప్తాను, అది కూడా తోసేస్తే మీ ఇష్టం. ఈ పేజీ ఏటా కంప్యూటర్లో పెట్టేది కత్తెరే. అంటే మాస్టారి ఫోటో అతని మెషీన్లో ఉండితీరాలి. ఆ ముఖం లోకంలో లేకుండా చేయాలనుకుంటే కత్తెర ముందు ఏం చేస్తాడు? కూర్చున్న చోటి నుంచి లేవకుండా ఒక మీట నొక్కుతాడు. అట్టల పుస్తకాల వెంట పడడు. ఇవి కోసినవాడికి మెషీన్ సంగతి తెలియదు. పేపరంటే కాగితమే అనుకునే వయసు వాడది."

"ముఖం ఎందుకు లేకుండా చేయాలి? చచ్చినవాడి ముఖంతో ఎవరికేం పని?"

"వాడుకలో ఉన్న ముఖమైతే?"

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "శవం నడిచొచ్చి చంపిందంటారా?"

"శవం దొరకలేదు."

కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నేను ఆ మనిషిని ఊహించుకోవడం మొదలుపెట్టాను. గట్టు మీద బట్టలు వదిలి, ఇంకో ఊళ్లో ఇంకో పేరుతో బతుకుతున్నవాడు. ఏడాదికోసారి ఈ పేపరు తెప్పించుకుంటాడు. తాను వదిలేసిన మనిషి తన కోసం రాసిన నాలుగు మాటలు చదువుకుంటాడు. పక్కన ఉండి సంపాదించుకోలేని ప్రేమని చచ్చి సంపాదించుకున్నాడు. పన్నెండేళ్లు దాని మీద బతికాడు. ఈ ఏడు పేజీ తెరిస్తే, ఆ నాలుగు మాటలూ లేవు. అడుగున, ఎవరూ లేనివాళ్ల మధ్య, ఒట్టి పేరు. భార్య పోయిందన్న సంగతి అతనికి అలా తెలిసింది. అయినా కౌంటరు దగ్గర అతను భార్య గురించి అడగలేదు. తనకి ఎవరూ లేరని ఎవరు చెప్పారని అడిగాడు.

పెద్దమ్మ ఆ ముఖాన్ని ఏటా చేత్తో పట్టుకుంది. ముక్కు మీద గుడ్డ తీయగానే పోల్చుకుని ఉంటుంది. భయపడి ఉండదు. 'మీరే ఉన్నారా!' అని సంతోషించి ఉంటుంది. ఆ సంతోషమే ఆవిడ ప్రాణం తీసింది.

మూడూ యాభైకి ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. "వదిలేస్తాను. మీ కోసం కాదు, ఆ పీలిక కోసం. బాధ్యత తీసుకుని సంతకం పెట్టే పెద్దమనిషి ఒకడు కావాలి, వాళ్లక్కకి చెప్పండి. నేను ముందు వెళ్లి కాగితాలు రాస్తాను. ఫోటో దొరికితే తీసుకురండి."

అక్కకి ఫోన్ చేశాను. అవతల ఏడుపో నవ్వో తెలియలేదు.

"పెద్దమనిషి దొరికారు మేడమ్! ఇందాకే ఒకాయన వచ్చారు. పేపరు పాఠకుడట, వీణ్ణి పట్టుకున్నారని చదివి పాపం వచ్చారు. సంతకం పెడతానన్నారు. ఇంటిదాకా కార్లో దింపుతానన్నారు కూడా."

ఆ పాఠకుడు ఎవరని నేను అడగలేదు. ఇంకొకరి సంతోషాన్ని చెవిలో పెట్టుకుని నిలబడిన ఆ అరనిమిషం నేను డిటెక్టివ్‌ని కాను.

*

కత్తెర మెషీన్ తెరవడానికి ఆటల పేజీ పెట్టే అమ్మాయి అరగంట కుస్తీ పట్టింది. నాలుగూ ఇరవైకి ఫోటో దొరికింది. పన్నెండేళ్ల తారీకులతో పన్నెండు ఫైళ్లు, అన్నింటిలో ఒకే ముఖం. నున్నగా దువ్విన జుట్టు, సన్న మీసం, కొంచెం పక్కకి తిరిగిన తల. వయసు ముఖాన్ని ఎలాగైనా మారుస్తుంది, గడ్డం సగం దాచేస్తుంది. చెవుల్ని మాత్రం ఏమీ చేయలేవు. ఇతని కుడిచెవి పైఅంచులో చిన్న ముక్క లేదు, ఎలుక కొరికిన కాగితంలా.

అచ్చు తీయించి సంచిలో పెట్టుకున్నాను.

నాలుగూ యాభై రెండుకి స్టేషను గేటు దగ్గర దిగాను. తెల్లకారు ఒకటి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ముందు సీట్లో కత్తెర. వెనక సీట్లో అక్క, అద్దంలోంచి నాకు చెయ్యి ఊపింది, టేపు తీసి చేతికి చుట్టుకుంది. స్టీరింగు పట్టుకున్న మనిషి అరవైకి దగ్గర్లో ఉన్నాడు. నెరిసిన గడ్డం, మంచి ఇస్త్రీ చొక్కా. నా వైపు కుడిచెవి.

పైఅంచు ముక్క లేదు.

"మీరేనా మేడమ్?" అన్నాడు. ఒక్కొక్క మాటా బోర్డు మీద రాసినట్టు వేరువేరుగా వినిపించింది. "ఈవిడ మీ గురించే చెబుతోంది. చాలా తెలివైనవారట."

ఇంజను నడుస్తోంది. ఇతనే హంతకుడని నేను అరిస్తే అతని కాలు ఒక్క నొక్కు నొక్కుతుంది, ఇద్దరూ అతనితోపాటే పోతారు. మెట్ల మీద ఇన్‌స్పెక్టర్ టీ తాగుతున్నాడు. కారు పక్కనే ఇద్దరు కానిస్టేబుళ్లు. వాళ్లని కదిలించే మాట నా దగ్గర ఒక్కటే ఉంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ!" అని కేకేశాను. "మీరే గెలిచారు. చంపింది కత్తెరే. మెషీన్లో సాక్ష్యం దొరికింది. దింపండి వాణ్ణి!"

ఇన్‌స్పెక్టర్ కళ్లలో ముందు అనుమానం కనపడింది, దాని వెనకే రెండేళ్లుగా ఆకలితో ఉన్న ఆనందం. "చెప్పానా!" అన్నాడు. "దింపండ్రా!"

కానిస్టేబుళ్లు తలుపు లాగారు. కత్తెర నన్నే చూస్తున్నాడు. కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది. అతన్ని బయటికి లాగగానే వెనక తలుపు తెరుచుకుంది. తమ్ముడు ఎక్కడికి పోతే అక్క అక్కడికి దిగుతుందని నేను వేసిన లెక్క తప్పలేదు.

"నీ నోరు పడిపోను!" అంటూ నా మీదికి వచ్చింది. రెండు భుజాలూ పట్టుకుని ఊపింది. "ఏం తిని ఆ మాట అన్నావే? ఐదింటికి వాణ్ణి ఇస్తానన్నావు కదే!"

ఆవిడ భుజం మీదుగా నేను కారునే చూస్తున్నాను. మాస్టారు నన్ను చూస్తున్నాడు. తర్వాత నా సంచిని. లెక్క చేయడం వచ్చినవాడు, చివరి మెట్టు దాకా చేసుకున్నాడు.

"అయ్యో పాపం," అన్నాడు మెత్తగా. "ఇంట్లో ఆ అమ్మాయి ఎదురుచూస్తూ ఉంటుంది. ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను వెళ్లి చెప్తాలెండి."

కారు గేటు దాటింది. నంబరు అరచేతి మీద రాసుకుని, ఫోటో తీసి ఇన్‌స్పెక్టర్ టీగ్లాసు పక్కన పెట్టాను. అతను చూశాడు. గేటు వైపు చూశాడు. మళ్లీ ఫోటోని చూశాడు.

"జీపు!" అని అరిచాడు.

కత్తెర మెడ చాచి ఫోటో చూశాడు. "ఇది మా పేజీలో వేసే మాస్టారి ఫోటో కదా. మెషీన్ పాడైతే ఉంటాయని వీటన్నింటికీ ఇంకో కాపీ ఇంట్లో పెడతాను." ఫోటో మీంచి తలెత్తాడు. "ఇందాక కారెక్కగానే ఆయన అడిగిందే అది మేడమ్. పాత ఫోటోలు ఎక్కడ దాస్తారని. చెప్పేశాను. ఇంట్లో, పడగ్గదిలో అని."

అక్క చేతులు నా భుజాల మీదనుంచి జారాయి. "నేను మరదలికి ఫోన్ చేసి చెప్పాను," అంది. "ఆ కారాయనే తీసుకొస్తున్నారు, ఆయన వస్తే తలుపు తియ్యమని."

జీపులో నేను ముందు కూర్చున్నాను. తోలుతున్నది ఇన్‌స్పెక్టరే. ఇంటికి పన్నెండు నిమిషాలు. కారు మాకంటే మూడు నిమిషాలు ముందుంది. వెనక అక్కా తమ్ముడూ ఒకే ఫోను మీదికి వంగారు. అక్క నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుంది. మళ్లీ నొక్కింది.

"ఎత్తడం లేదా?" అన్నాను.

"బిజీ వస్తోంది. వాడు ఇంటికొస్తున్నాడని అందరికీ ఫోన్లు చేసి చెబుతోంది మేడమ్. వాళ్లమ్మకి, పక్కింటివాళ్లకి, అందరికీ చెబుతోంది."

"ఆపకుండా చేస్తూనే ఉండు," అన్నాను. "పక్కింటివాళ్ల నంబరు నాకు చెప్పు."